వీలు చూసుకుని

ఈ కుర్చీ కాలు ఇవాళైనా బాగుచేయించాలి, లేకపోతే ఎవరో పెద్దాయన దీంతో సహా కిందపడతాడు, చెయ్యి విరిగితే కట్టు కట్టడానికి మళ్ళీ మనమే, అనుకుంటోంది సిస్టరమ్మ, కుర్చీ సంగతి ఇప్పుడెవరడిగారు, అడ్డుతెర అవతల డాక్టరమ్మ బేకరీ అక్క చంక కింద వేళ్ళతో నొక్కి చూస్తోంది, ఇక్కడ నొప్పా అంటోంది, ఇక్కడ కూడానా అంటోంది, ఒక్కో ప్రశ్నకీ ఆ గొంతు ఒక్కో మెట్టు దిగుతోంది, పదకొండేళ్ళుగా ఆ గొంతు వింటోంది కాబట్టి ఆ దిగడం ఏమిటో సిస్టరమ్మకి తెలుసు, తెలిసే కుర్చీ కాలు పట్టుకుని కూర్చుంది.

ఒకప్పుడు చెప్పుల కొట్టు ఇది, బీమా లేనివాళ్ళకి ఉచితంగా వైద్యం చేద్దామని నలుగురు కలిసి తీసుకున్నారు, చెప్పుల పెట్టెలుండే అరల్లో ఇప్పుడు మందులు, చెప్పులు తొడిగి చూసుకునే నిలువుటద్దం మాత్రం అలాగే ఉంది, బేకరీ అక్క మొదటిసారి వచ్చినప్పుడు ఆ అద్దం ముందే నిలబడి మోచేతి మీద బొబ్బ చూపించింది, పొయ్యిలోంచి తీసిన రేకు తగిలిందట, మందు రాస్తుంటే, మా బేకరీలో రొట్టెలు సరిగ్గా కాలవు గానీ సిస్టరమ్మా నేను మాత్రం బ్రహ్మాండంగా కాలతాను అంది, గదంతా నవ్వారు, అదే నవ్వుముఖంతో మరోసారి వచ్చి, రొమ్ములో గోళీకాయంత ఏదో చేతికి తగులుతోంది, ఏ పిల్లాడు పారేసుకున్నాడో అంది, డాక్టరమ్మ నవ్వలేదు, సూదితో తీసి పరీక్షకి పంపింది, ఫలితం వచ్చాక పెద్దాసుపత్రికి ఉత్తరం రాసి, ఆవిడకి ఇవాళే కబురు చెయ్యండి, ఈ ఉత్తరముంటే అక్కడ ఆపరేషను ఉచితం అని సిస్టరమ్మ చేతిలో పెట్టింది.

చేసింది, అదే రోజు చేసింది, ఆ మాటకి వస్తే తప్పేముంది, ఫోనులో పిండి కలిపే యంత్రం రొద, దాని మీదుగా బేకరీ అక్క అరుస్తోంది, మా అమ్మాయికి ఈ వారమే కాన్పండీ, భయపడాల్సిందేమీ లేదు కదా, ఎవరైనా అలా అడిగితే ఏం చెబుతారు, తనకి పంతొమ్మిదేళ్ళప్పుడు ఆసుపత్రి మెట్ల మీద ఒక డాక్టరు నడుస్తూ నడుస్తూనే మీ అమ్మకింక మూడు నెలలమ్మా అనేసి దిగిపోయాడు, తను ఆ మెట్టు మీదే కూలబడింది, జనం తనని దాటుకుంటూ పోయారు, నేనెప్పుడూ ఎవరికీ ఇలా చెప్పను అని అప్పుడే ఒట్టు పెట్టుకుంది, అందుకే ఫోనులో, భయమేం లేదక్కా, ఎందుకైనా మంచిది, వీలు చూసుకుని వచ్చి ఉత్తరం పట్టుకెళ్ళు అంది, వీలు చూసుకుని, తెల్లారకముందే పనిలోకి దిగే మనిషికి, ఇంట్లో బాలింత ఉన్న మనిషికి వీలెక్కడినుంచి వస్తుంది, చెప్పారా అని డాక్టరమ్మ అడిగితే చెప్పానండీ అంది, సొరుగు లాగినప్పుడల్లా కట్టు గుడ్డల కింద ఆ ఉత్తరం కనబడేది, రేపు మళ్ళీ ఫోను చేద్దాం అనుకుని సొరుగు మూసేది, ఎన్నిసార్లు మూసింది, లెక్కలేదు, ఇవాళ బేకరీ అక్క తనంతట తనే వచ్చింది, చెయ్యి పైకి లేవట్లేదని, వస్తూనే మనవరాలికి నాలుగు నెలలు నిండాయి, నిన్ననే బోర్లాపడింది అని చెప్పి మురిసిపోయింది.

తెర కదిలింది, డాక్టరమ్మ బయటికి వచ్చి గొంతు తగ్గించి, పాకిపోయింది సిస్టర్, ఈవిడ పెద్దాసుపత్రి గడపే తొక్కలేదట, భయమేం లేదన్నారట, ఎవరన్నారు అని అడిగింది, నేనేనండీ అంది సిస్టరమ్మ, తిడుతుందనుకుంది, నాలుగు తిడితే బాగుండును, డాక్టరమ్మ కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది, రేపు పొద్దున్నే చేర్చుకోమని ఫోను చేస్తాను, ఆవిడకి నేను చెప్పనా అంది, వద్దండీ, నేనే చెబుతాను, ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా, సొరుగులోంచి ఉత్తరం తీసింది, తెర వరకు ఆరడుగులు, ఇంకా మంచి మాట ఏదైనా ఉందా, కణితి అనొచ్చు, కొంచెం ముదిరింది అనొచ్చు, ఛీ, ఇంకా వెతుకుతున్నావా.

బేకరీ అక్క ఒంటిచేత్తో జాకెట్టు హుక్కులు పెట్టుకోలేక తంటాలు పడుతోంది, సిస్టరమ్మ వంగి తనే పెట్టి, అక్కా అది క్యాన్సరు, ఫోను చేసిన రోజే నాకు తెలుసు, నీకు చెప్పలేదు, ఇప్పుడు చంకలోకి పాకింది అంది, ఒక్క గుక్కలో, బేకరీ అక్క ముందు నవ్వబోయింది, అలవాటు కొద్దీ, ఆ నవ్వు సగంలో ఆగిపోయి అక్కడే ఉండిపోయింది, ఆ రోజే తెలుసా, నేను అడిగాను కదమ్మా, నోరు తెరిచి అడిగాను కదా, నేను తట్టుకోలేనని దాచావా, అవునక్కా అనే మాట నోటిదాకా వచ్చింది, ఎంత సులువైన మాట, మింగేసింది, బతుకుతానా అంది బేకరీ అక్క, తెలీదక్కా అంది సిస్టరమ్మ, రేపు నేను తోడు వస్తాను అంది, నువ్వు రానక్కర్లేదు, ఆ కాగితం ఇలా ఇవ్వు, మా అమ్మాయి వస్తుంది అని బేకరీ అక్క ఉత్తరం లాక్కుంది, తలుపు దాకా వెళ్ళి గోడ పట్టుకుని ఆగింది, అద్దంలో ఆవిడ ముఖం కనబడుతోంది, నవ్వు మొత్తం రాలిపోయిన ముఖం, సిస్టరమ్మ ఈసారి చూపు తిప్పుకోలేదు, తట్టుకోలేనిది ఆవిడ కాదు నేను, ఈ ముఖం చూడాల్సిన ఒక్క నిమిషం తప్పించుకోవడానికి నాలుగు నెలలు వాడేసుకున్నాను, అవి నావి కావు.