నైట్రోజన్ క్యాన్‌లో షారోన్ స్ఫటికం

పొదిలి చుట్టుపక్కల పన్నెండు ఊళ్ల గేదెలు చూడి కట్టడానికి సూదులు వేసే గోపాలమిత్రను నేను. నా నైట్రోజన్ క్యాన్ మీద నా భార్యనైనా చెయ్యి వేయనివ్వను. గడ్డకట్టించే ఆ ద్రవ నైట్రోజన్ ఆవిరైపోతే లోపలున్న దున్నపోతు వీర్యం స్ట్రాలన్నీ చెత్తే. అలాంటి క్యాన్‌ని మా అన్న కూతురు షారోన్ ఒక పూటకి అడిగింది.

షారోన్ యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. మిరపగింజంత స్ఫటికాన్ని ఐదు నెలలు పెంచింది. చల్లబరిస్తే అందులో పరమాణువుల వరసలు కాస్త పక్కకు జరుగుతాయట. అప్పుడు, అంతవరకూ కలిసి తిరిగిన ఎలక్ట్రాన్లు స్పిన్ అనే తమ గుణాన్ని బట్టి రెండు దారులుగా విడిపోతాయట. వరసలు జరిగినట్టూ, వేడెక్కితే వెనక్కొచ్చినట్టూ ఆ రోజు సాయంత్రం ఐదులోగా గ్రాఫ్ గీత గీసి పంపితే, స్ఫటికాన్ని పెద్ద యంత్రం మీద పరీక్షిస్తారు. లేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. వాళ్ల ల్యాబ్‌లో నైట్రోజన్ నిండుకుంది.

"విడిపోవడమంటే, ఆడామగా వేరుచేసిన స్ట్రాల్లాగానా?" అనడిగాను. పెయ్యదూడలే పుట్టాలని ఈమధ్య అలాంటివీ ఇస్తున్నారు.

"దాదాపు అంతే బాబాయ్," అంది. తెలిసిన విద్యే గదా అని ఒప్పుకున్నాను.

ఒప్పుకున్నానో లేదో, పక్క వీధి వెంకటేశ్వరమ్మక్క ఫోన్ చేసింది. గేదె ఎదకొచ్చిందట, వెంటనే రమ్మంది. క్యాన్ అటు పోక తప్పదు కాబట్టి పరిశోధన కూడా ఆమె గేదెల పాకకే పోయింది.

కుడితి తొట్టి మీద చెక్క వేసి ల్యాప్‌టాప్ పెట్టాం. కడ్డీ చివర గాజు గొట్టంలో ఉన్న, ల్యాప్‌టాప్‌కి తీగలు కలిపిన స్ఫటికాన్ని క్యాన్ మెడలోంచి మెల్లగా దించాలి. షారోన్ రెండుసార్లు కడ్డీని మెడ అంచుకి తగిలించింది. ఇరవై ఏళ్లుగా ఆ మెడలో చెయ్యి పెడుతున్నవాణ్ని, నేనే అందుకున్నాను. తెర మీద గీత సాఫీగా నడిచి, సున్నాకి పాతిక డిగ్రీల కింద టక్కున వంగింది.

ఇక అంతే మెల్లగా పైకి తీయాలి. తీశాను. తీసీ తీయగానే తీసుకెళ్లి, గేదె కోసం సిద్ధం చేసిన గోరువెచ్చటి నీళ్లలో ముంచాను. గడ్డకట్టిన స్ట్రా కరగాలి కాబట్టి, క్యాన్‌లోంచి ఏది తీసినా అరనిమిషం ముంచడం మా ఉద్యోగధర్మం.

షారోన్ గడ్డిమోపు మీద కూలబడింది. స్ఫటికానికి ఏమీ కాలేదు, కానీ ఒక్కసారిగా వేడెక్కడంతో వెనక్కొచ్చే గీత పాడైంది. మళ్లీ మొదట్నుంచీ చేయాలంటే గంట పడుతుంది. క్యాన్‌లో నైట్రోజన్ అడుగుకొచ్చింది, పెయ్యదూడ స్ట్రా ఒక్కటే మిగిలింది. గేదె పని ముందు చూస్తే ఐదు దాటిపోతుంది, స్ఫటికం ముందు దించితే ఆ స్ట్రా పాడవొచ్చు. గేదె ఆగకుండా అరుస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"పిల్ల పని ముందు కానీయరా," అంది వెంకటేశ్వరమ్మక్క. "నా గేదె ఆగుద్దిలే. పెయ్య పుట్టకపోతే మాత్రం నీ సంగతి చూస్తా."

ఈసారి నీళ్ల గిన్నె అక్క ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఐదుకి పది నిమిషాలుండగా గీత వెనక్కొచ్చింది, పోయిన దారిన కాకుండా పది డిగ్రీలు ఆలస్యంగా. వరసలు నిజంగా జరిగాయనడానికి ఆ ఆలస్యమే అసలైన సాక్ష్యమట. షారోన్ నన్ను పట్టుకుని ఏడ్చింది. తర్వాత నేను గేదె సంగతి చూశాను.

స్ఫటికం పెద్ద యంత్రం ఎక్కింది. ఎలక్ట్రాన్లు చక్కగా రెండుగా విడిపోయాయని షారోన్ ఫోన్ చేసి చెప్పింది.

పది నెలలకు గేదె ఈనింది. దున్నదూడ. అక్క దానికి కరుణాకర్ అని నా పేరే పెట్టింది. నేను ఆ వీధిన పోయినప్పుడల్లా దాన్ని పేరు పెట్టి కుడితికి పిలుస్తుంది.