ఇరవై మీటర్లు

తీసా నది పడవల క్లబ్బు మెట్లు ఐదింటిని ముంచిన ఏడాది అది. వరద తీసి రెండు నెలలైనా గోడల మీద బురద చార పోలేదు. ఆ చార కింద మోకాళ్ల మీద కూర్చుని బర్తా వెండెల్ ఒక కయాక్ అడుగున వార్నిషు రుద్దుతున్నాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే పని. వేళ్ల సందుల్లో పట్టిన పసుపు రంగు ఏ సబ్బుకూ వదలదు. కుడి భుజం ఎడమదానికంటే కాస్త జారి ఉంటుంది. ఆ సన్నపడవల్లో తాను ఏనాడూ కూర్చోలేదు. పందెం నాడు కూడా ఒడ్డుకు పోడు. కొట్టంలో ఏదో ఒకటి గీకుతూ, కేకలను బట్టి ఎవరు గెలిచారో తెలుసుకుంటాడు. సీటు అరిగిన తీరు చూసి ఎవరు ఎటు ఒరిగి తెడ్డు వేస్తున్నారో చెప్పగలడు. అడిగినవాళ్లు లేరు. ఆయనా చెప్పలేదు.

పది గంటలకు రొట్టె, పంది కొవ్వు, ఉల్లిపాయ తిన్నాడు. భార్య పోయిన దగ్గరనుంచి ఉల్లిపాయ కోయడం మానేశాడు, కొరుక్కుని తింటాడు.

తర్వాత పడవల మీద కప్పే గుడ్డలు ఉతికి, యాభై మీటర్ల నార మోకును కొట్టం స్తంభానికీ గట్టు మీది దీపస్తంభానికీ కట్టి దాని మీద ఆరేశాడు. గుడ్డల నీళ్లు మోకులోకి దిగాయి. గంటలో మోకు బిగుసుకుని ముడి కిర్రుమంది. స్తంభానికున్న కొక్కెం వంగింది. విప్పి మళ్లీ కట్టబోతే రెండు మీటర్లు అందలేదు.

వెండెల్ మోకు కొస పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

తడిస్తే నార బిగుస్తుందని ఆయన చేతులకు ఎప్పుడో తెలుసు. వాన పడేముందు పడవల కట్లు వదులు చేసేది ఆయనే. కానీ నది పాత పాయలో ఐదు వందల మీటర్ల పందెం దారికి గుర్తుగా ఉండే ఎర్ర పీపాలను వరద ఎత్తుకుపోయింది. ఇనుప టేపు కూడా దాంతోనే పోయింది. పీపాలు మళ్లీ కట్టేటప్పుడు ఈ మోకుతోనే పదిసార్లు కొలిచాడు. అప్పటికి అది పది రోజులు నీళ్లలో నానింది.

పదిసార్లకు రెండేసి మీటర్లు. ఇరవై తక్కువ.

తెర్కా గుర్తొచ్చింది. నూలు మిల్లులో పనిచేసే పందొమ్మిదేళ్ల పిల్ల. ఆదివారం బుడాపెస్టులో ఎంపిక పందెం. రెండు నిమిషాల పది సెకన్లలోపు వస్తే దేశం జట్టుతో శిక్షణ. ఈ వేసవంతా కోచ్ కాల్మాన్ స్టాప్‌వాచ్ చూసి రెండు నిమిషాల ఆరు, రెండూ ఆరు అని అరుస్తూనే ఉన్నాడు. ఆ ఆరు నమ్ముకునే పిల్ల ఇవాళ నాలుగు గంటల రైలుకు పోతోంది. అక్కడ నిజంగా ఐదు వందల మీటర్లుంటాయి.

వెండెల్ చేతులు తుడుచుకుని కోచ్ దగ్గరికి పోయాడు. సంగతి చెప్పాడు.

"ముప్పై ఏళ్లు నోరు విప్పని మనిషివి, ఇవాళే విప్పాలా మామా?" అన్నాడు కాల్మాన్. పిల్లకు మాత్రం చెప్పొద్దన్నాడు. తలనిండా లెక్కలు పెట్టుకుని పోతే చెయ్యి ఆడదన్నాడు.

వెండెల్ సరేనన్నట్టు తలూపి, నేరుగా ఆ పిల్ల దగ్గరికే పోయాడు. తెర్కా స్టేషనుకు పోయే లారీ పక్కన తెడ్లకు గుడ్డ చుడుతోంది. ఆయన నిలబడి సంగతంతా చెప్పాడు.

"తెలుసు మామా," అంది తెర్కా, చుట్టడం ఆపకుండా.

ఆయనకు అర్థం కాలేదు.

"నిరుడు రెండు వందల యాభై తెడ్లకు చివరి పీపా వచ్చేది. ఈ ఏడాది రెండు వందల నలభైకే వచ్చి నిలబడుతోంది. రాత్రికి రాత్రి నాకంత బలం వస్తుందా? మా అమ్మ వంట తింటే అసలే రాదు."

పీపా దాటాక ఇంకో పది తెడ్లు వేసేదట. ఆగడం చేతకాదా అని కోచ్ రోజూ తిట్టేవాడట. ఆయన చెప్పే ఆరుకు మనసులో ఐదు కలుపుకునేదట.

"పదకొండు. పదిలోపు రావాలంటే ఒక్క సెకను పైగా తగ్గించాలి. అదెక్కడుందో నాకు తెలుసు, మొదటి ఇరవై తెడ్లలో ఊపిరి బిగబట్టేస్తున్నా."

"మరి చెప్పలేదేం?"

"మిగతావాళ్లంతా తమ సమయాలు చూసుకుని సంబరంగా ఉన్నారుగా. పైగా నడుముల్లోతు బురదలో దిగి ఆ పీపాలు కట్టావు. నీ మొహం చూస్తూ చెప్పడమెట్లా?"

వెండెల్ లారీ మెట్టు మీద కూర్చున్నాడు. మోకు విప్పినప్పటినుంచి బిగిసిన వీపు ఒక్కసారిగా వదులైంది. నవ్వొచ్చింది. నవ్వడం అలవాటు లేక దగ్గు వచ్చింది. తెర్కా వీపు తట్టింది. కాల్మాన్ దూరం నుంచి చూసి, ఈ ముసలాడు చెప్పేశాడు అని గొణిగి, తానూ లారీ ఎక్కాడు.

లారీ గట్టు మలుపు తిరిగింది. జట్టులోకి తీసుకుంటే ఆ పిల్ల ఇక ఇటు రాదు. ఎవరూ చెయ్యి ఊపలేదు.

మర్నాడు పొద్దున్నే వెండెల్ రోడ్డు పనివాళ్ల దగ్గర ఇనుప టేపు అడిగి తెచ్చి, రెండుసార్లు కొలిచి, చివరి పీపాను ఇరవై మీటర్లు అవతలికి జరిపాడు. తర్వాత తెర్కా సాధన చేసే కయాక్‌ను తుడవబోయాడు. సీటు ముందు చెక్క మీద పిల్లలందరూ ప్లాస్టర్ ముక్క అంటించి, తాము కొట్టాల్సిన సమయం రాసుకుంటారు. తెర్కా ముక్క మీద అంకెల్లేవు. నీళ్లకు సగం చెరిగిన పెన్సిల్ అక్షరాలు: "ముందు ఊపిరి వదులు." వెండెల్ గుడ్డను దాని చుట్టూ తిప్పి తుడిచాడు. ఒక మూల లేచి ఉంటే, పసుపు పట్టిన బొటనవేలితో అదిమి అంటించాడు.