చివరి చిటికెడు

“ఉప్పు మాత్రం నువ్వు వెయ్యకు.”

ఈ ఇంట్లో నేను వండిన మొదటి కూర ఇంకా పొయ్యి మీద ఉండగానే మా అత్తగారు అన్న మాట అది. స్టూలు మీంచి లేచి, పింగాణీ జాడీలోంచి చిటికెడు తీసి గిన్నెలో వేసి, మళ్లీ వెళ్లి కూర్చున్నారు. “అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అందిట ఉప్పు” అని నవ్వారు. నేనూ నవ్వాను. కొత్త కోడలిని, నవ్వక ఏం చేస్తాను? ఆ నవ్వు ఇరవై ఏడేళ్లు నడిచింది.

తరగడం, వేయించడం, గిన్నెలు తోమడం నావి. చిటికెడు ఆవిడది. కాబట్టి కూర ఆవిడదయ్యేది. “మా అమ్మ చెయ్యి పడితే చాలు” అనేవాడు మా ఆయన వేళ్లు నాకుతూ. ఉప్పు ఎక్కువైన రోజు మాత్రం కంచం తోసేసి “ఏం వండావే ఇది?” అని నన్నడిగేవాడు. నేను ఆసుపత్రి మందుల గదిలో ఫార్మసిస్టుని. పసిపిల్లల మందులు మిల్లీగ్రాముల్లో తూచి కలిపే చేతులివి. ఆ చేతులు కట్టుకుని, బస్సు వేళ దాటిపోతున్నా, ఆవిడ స్నానం ముగించుకుని వచ్చేదాకా పొయ్యి దగ్గర నిలబడేదాన్ని. సంతకాల పుస్తకంలో నా పేరు పక్కన ఎర్ర గీత పెట్టి మా పై అధికారి “ఏమ్మా, ఇంట్లో రోజూ పెళ్లి విందేనా?” అనేవాడు. అందరూ నవ్వేవారు. చిటికెడు ఉప్పు కోసం ఆగానని ఎవరితో చెప్పుకోను?

ఆవిడ మంచి మనిషి కాదని నేననను. ఇరవై ఎనిమిదేళ్లకే భర్త పోతే కుట్టుమిషను తొక్కి ఇద్దరు పిల్లల్ని పెంచారు. వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా మా ఇంటి నుంచి గిన్నె వెళ్లేది. గిన్నెలో ఉన్నది నా వంటే, కానీ పంపాలన్న బుద్ధి ఆవిడది. అది ఒప్పుకోవాలి. ఆవిడ పోయిన రోజు వీధి వీధంతా ఏడ్చింది.

పక్షవాతం వచ్చి మంచాన పడ్డ మూడేళ్లూ ఒళ్లు తుడిచింది, పక్క మార్చింది నేనే. రోజూ కూరగిన్నె మంచం దగ్గరికి తీసుకెళ్లేదాన్ని. ఒకరోజు వీపు తుడుస్తుంటే, “మా అత్త పోయిన రోజున వచ్చింది నా చేతికి జాడీ. అప్పటికి నాకు నలభై ఒకటి. అందాకా నేనూ నీలాగే నిలబడ్డాను” అన్నారు. నా చేతిలో తడిబట్ట ఆగిపోయింది. ఇప్పుడు నా చెయ్యి పట్టుకుంటారనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని! “నీకూ వస్తుందిలే. ముందు నేను పోవాలిగా. కాచుక్కూచో” అన్నారు.

చివరి పద్నాలుగు నెలలు ఆవిడ వేళ్లు దగ్గరికి రాలేదు. జాడీలోంచి పైకి లేచిన చెయ్యి గిన్నె చేరేలోపు ఉప్పంతా దుప్పటి మీద రాలిపోయేది. ఖాళీ వేళ్లు గిన్నె మీద దులిపి “సరిపోయిందా?” అనేవారు. “సరిపోయిందత్తయ్యా.” వంటగదిలోనే వేసేసి తెచ్చేదాన్ని మరి. “చూశావా, మంచంలో ఉన్నా అమ్మ చెయ్యి అమ్మ చెయ్యే” అనేవాడు మా ఆయన. నేను దుప్పటి దులపడానికి వెళ్లేదాన్ని. ముసలావిడ వినేలా ఎందుకు చెప్పడం అనుకున్నాను. నా అంతట నేను ఆవిడకిచ్చింది ఆ అబద్ధం ఒక్కటే.

పోయిన ఆదివారం ఆవిణ్ణి తలుచుకోవడానికి చుట్టాలందరూ మా ఇంట్లో చేరారు. గోడ మీద ఫోటో, కింద ముప్పై మందికి నా వంట. ఆవిడ డెబ్బై తొమ్మిదేళ్ల జీవితం గురించి ఒక్కొక్కరూ మాట్లాడారు. చివరికి అందరూ చెప్పింది ఆవిడ చేతి రుచి గురించే. తర్వాత భోజనాలకు కూర్చున్నారు. మొదటి ముద్దకే మా ఆడపడుచు కళ్లు తుడుచుకుంది. “ఏంటో అన్నయ్యా, చప్పగా ఉంది. అమ్మ చెయ్యి లేదు కదా.”

“ఉప్పు చాల్లేదు. అమ్మతోనే పోయింది రుచి” అన్నాడు మా ఆయన.

వాళ్ల బాబాయి “నిజమే, చప్పగానే ఉంది” అంటూ మూడోసారి వడ్డించమన్నాడు.

అదే కూర. అదే కొలత. గరిటె పట్టుకుని నిలబడి అన్నాను: “చివరి పద్నాలుగు నెలలూ ఉప్పు వేసింది నేనే. అత్తయ్య వేళ్లలో ఏమీ నిలిచేది కాదు.”

“పోయిన మనిషితో కూడా పోటీయేనా వదినా?” అంది ఆడపడుచు. మా ఆయన కంచం మీదే చెయ్యి విదిలించాడు. “ఫోటో ఎదురుగా నిలబడి ఇలాంటి మాటా? అసలు నువ్వు ఉప్పూ కారం తినే మనిషివేనా?” ఎవరో కిసుక్కున నవ్వారు. బాబాయి కంచంలో అన్నం అయిపోయింది. వడ్డించాను.

వెళ్లేటప్పుడు ఆడపడుచు జాడీ తెచ్చి నా చేతుల్లో పెట్టింది. “ఇక నీదేలే. రేపు నీకు కోడలొచ్చినా ఉప్పు మాత్రం నువ్వే వెయ్యాలి. అది మనింటి పద్ధతి.” ఇరవై ఏడేళ్లు కాచుక్కూచున్న జాడీ. ఉప్పుతో కలిపినా అరకిలో తూగదు.

ఆయన అడిగిన ప్రశ్న బస్సులోనూ, మందుల గదిలో తక్కెడ ముందూ నా వెంటే తిరిగింది. ఉప్పూ కారం తింటున్నానా నేను? అందరూ తిన్నాక, గిన్నె అడుగున మిగిలింది, ఇంకొకరి చిటికెడు పడింది తిన్నాను. దాన్ని తినడమంటారా?

ఇవాళ పొద్దున వంట చేసి, గిన్నె బల్ల మీద పెట్టి, ఆయన రాకముందే కూర్చున్నాను. ఈ ఇంట్లో అందరికంటే ముందు కంచం పెట్టుకోవడం ఇదే మొదటిసారి. జాడీలోంచి చిటికెడు తీసి నా అన్నంలో కలుపుకున్నాను. మూత పెట్టి జాడీని నా పక్కన పెట్టుకున్నాను. ఆయన వచ్చి, నన్ను వింతగా చూసి, తనే వడ్డించుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

“కూరలో ఉప్పేదీ?”

“నా కంచంలో ఉంది” అన్నాను.