గంజి పెట్టిన గోడలు

మా ఆయన రాజమల్లు చెవుల గురించి డాక్టర్ చెప్పిన మాట ఇద్దరం కలిసే విన్నాం. ఆరు నెలలో, ఏడాదో. మొదట చప్పుళ్లు చెదిరిపోయి ఒకటి రెండుగా వినపడతాయట. తర్వాత నెమ్మదిగా అన్నీ పోతాయట. నేను దవాఖాన మెట్లు దిగుతూనే ఏడ్చాను. ఆయన మాత్రం ఆటో ఎక్కగానే, "ఇగ ఆ రూము పని జల్ది కావాలె," అన్నాడు.

ఆ రూము మడికొండలో మేం కట్టుకున్న ఇంటి మేడ మీద గది. రైల్వేలో సిగ్నల్ పని చేసినన్నాళ్లూ ఆయనకు ఒకటే కోరిక, మనిషంత ఎత్తు స్పీకర్లు పెట్టుకుని వాళ్ల అన్న సమ్మయ్య పిల్లంగోవి వినాలని. మా బిడ్డ పెళ్లిలో సమ్మయ్య బావ ఊదుతుంటే యోసేపు టేపు చేశాడు. బావ పోయి తొమ్మిదేళ్లయింది.

"ఆ టేపుల మా అన్న ఊపిరి తీస్కునే సప్పుడున్నది సరోజనా. చిన్న డబ్బాల్ల వినవడది. ఒక్కసారి వింటే సాలు," అనేవాడు.

యోసేపు మా ఆయన చిన్ననాటి స్నేహితుడు. చర్చి సభలకూ పెళ్లిళ్లకూ మైకులు పెట్టీ పెట్టీ ముసలివాడయ్యాడు. స్పీకర్లు తనే చేసి తెచ్చాడు. ఖాళీ గది మధ్యలో నిలబడి చప్పట్లు చరిచాడు. గోడలు ఆ చప్పట్లను తిరిగి మా మీదికి విసిరాయి.

"ఇన్నవా వదినె? గోడలు ఎదురు మాట్లాడ్తానయ్."

"నలభై ఏండ్ల సంది నీ దోస్తుకు నేనే ఎదురు మాట్లాడలె. గోడలకేం రోగం?"

"మాట్లాడలేదా!" అన్నాడు మా ఆయన. "యోసేపూ, ముందుగాల ఈమెకు కట్టరా ఆ సప్పుడు మింగే రాక్‌వూలు."

గోడలకు చెక్క చట్రాలు పద్నాలుగు. వాటిలో పరుపులా మందమైన రాక్‌వూల్, దాని పైన గుడ్డ. గుడ్డ పని నాది. "నోరు పెట్టి ఊదితే అవుతలికి గాలి పోవాలె వదినె. గాలి పోతేనే సప్పుడు లోపటికి పోయి ఆగుతది. లేకుంటే వాపసొస్తది," అని చెప్పి, యోసేపు మోకాలి ఆపరేషన్ కోసం డోర్నకల్‌లోని కూతురింటికి వెళ్లాడు.

నేను కొత్తవాడలో మా తమ్ముడు మొండయ్య దగ్గరికి వెళ్లి, ఒక్కో తానుకూ నోరు పెట్టి ఊది మరీ నూలు గుడ్డ తెచ్చాను. కుట్టి తొడిగితే వదులుగా, ముడతలు ముడతలుగా ఉంది. మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని. గంజి పెట్టని గుడ్డను మా అమ్మ నలుగురిలో కట్టనిచ్చేది కాదు. చిక్కగా గంజి కాచి, పద్నాలుగింటికీ పట్టించి, తడి ఆరకముందే చట్రాలకు బిగించాను. ఎండాక వేలితో కొడితే డప్పులా పలికాయి. ఆయన కూడా తట్టి చూసి, "బిర్రుగున్నయ్!" అని మురిసిపోయాడు. ఆయనా మగ్గాల ఇంటి బిడ్డే.

ఆదివారం పొద్దున తలకు పోసుకుని, తెల్లచొక్కా తొడుక్కుని కుర్చీలో కూర్చున్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. పిల్లంగోవి మొదలైంది. ఆయన ముందుకు వంగాడు. ఆపి, మళ్లీ మొదటినుంచి పెట్టాడు. మూడోసారి ఆపేశాడు.

"ఒకటి రెండుగ వినవడ్తాంది," అన్నాడు. "డాక్టర్ చెప్పింది రానే వచ్చె. అయిపోయింది తియ్."

నాకూ అలాగే వినపడింది. పెద్ద స్పీకర్లంటే అంతేనేమో అనుకున్నాను. నాకూ రెండుగానే ఉందన్న ఆ ఒక్క మాట అప్పుడు పైకి అనలేదు.

స్పీకర్ల మీద దుప్పటి కప్పి గదికి తాళం వేశాడు. ఆ తర్వాత నాలుగు నెలలూ నేను వంటింట్లోంచి పిలిస్తే పలికాడు. పక్కింటి భవాని కోళ్లను తిట్టే తిట్లు విని నవ్వాడు. అయినా తాళం తియ్యలేదు. తియ్యమని అడిగితే నొచ్చుకుంటాడేమోనని నాకు భయం. ఆయనకు డోర్నకల్‌లో డ్యూటీ ఉన్న పదకొండేళ్లూ అంతే. సోమవారం సోమవారం కాజీపేటలో రైలెక్కించేదాన్ని. ఈ ఒక్కరోజు ఆగు అని ఎన్నడూ అనలేదు. రైలు పోయాక ఆ ఖాళీ పట్టాలు చూస్తూ నిలబడేదాన్ని.

అయిదో నెలలో కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవిలో అరిస్తే తప్ప వినపడని రోజుల్లో యోసేపు చేతికర్రతో వచ్చాడు. తాళం తీయించి, గదిలో చప్పట్లు చరిచాడు. ముఖం మారింది. గోడ దగ్గరికి వెళ్లి గుడ్డకు నోరు ఆనించి ఊదాడు. గాలి అవతలికి పోలేదు.

"వదినె, దీనికేం పెట్టినవ్?"

"గంజి."

యోసేపు అక్కడే కూలబడ్డాడు. "గుడ్డ సంగతి చెప్తి గని, గంజి వద్దని చెప్పకపోతి."

"అంటే… ఆ పొద్దు ఆయన చెవులు మంచిగనే ఉండెనా?"

యోసేపు చేతికర్ర ఊతంతో లేచి, మొదటి చట్రాన్ని గోడ మీంచి దించాడు.

పద్నాలుగు గుడ్డలూ విప్పి, వేడినీళ్లలో నానబెట్టి, గంజి పోయేదాకా పిసికాను. ఆరాక ఒక్కోదానికీ ఇవతల నోరు, అవతల అరచెయ్యి పెట్టి ఊదాను. అరచేతికి ఊపిరి తగిలింది. యోసేపు చట్రాలకు బిగించాడు. నేను ఆయన ఎడమ చెవి దగ్గర చేరి, జరిగిందంతా అరిచి చెప్పాను. నా గొంతు పగిలిపోయింది.

"నువ్వొక్కదానివేనా? నేను సుత బిర్రుగున్నయ్ అంటి కద," అన్నాడు. తర్వాత, "పెట్టుమను," అన్నాడు.

పిల్లంగోవి ఈసారి ఒక్కటిగా వచ్చింది. సమ్మయ్య బావ ఎదుట కుర్చీ వేసుకుని కూర్చున్నట్టే ఉంది. ఆయనకు అదేమీ అందలేదు. అరచెయ్యి స్పీకరు పెట్టెకు ఆనించి, పెట్టెను కాదు, నా ముఖాన్ని చూస్తున్నాడు.

"అన్న ఊపిరి వచ్చిందా?"

ఇంకా లేదని తలూపాను.

పాట ఒకచోట ఆగింది. అక్కడ ఒక చిన్న ఊపిరి, మగ్గం దిగి పరుగున వచ్చిన మనిషి ఊపిరిలా. నేను చెయ్యెత్తాను. పాట మళ్లీ అందుకోగానే దించాను. ఇంకో ఊపిరి. మళ్లీ ఎత్తాను. కాసేపటికి నా చెయ్యి లేచినప్పుడల్లా ఆయన కూడా ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టాడు.

చివరి ఊపిరికి చెయ్యెత్తాను. ఆ తర్వాత పాట లేదు, టేపు అయిపోయింది. ఆయన ఊపిరి బిగబట్టి నా చెయ్యి వంకే చూస్తున్నాడు. దాన్ని దించడం నా వల్ల కాలేదు.