స్నానాలగదికి వాటం

నేను ఒక రసమట్టాన్ని. మూరెడు పొడవున్న అల్యూమినియం పట్టీని. నా నడుము దగ్గర చిన్న గాజుగొట్టం, అందులో పచ్చటి ద్రవం, ఆ ద్రవంలో ఒక గాలిబుడగ. నన్ను పెట్టిన చోట ఆ బుడగ రెండు గీతల మధ్యకు వచ్చి ఆగితే అది మట్టంగా ఉన్నట్టు. ఇంతకు మించి నాకేమీ తెలియదు. ఇంతే తెలిసినవాళ్ళకు ఉండే గర్వం మాత్రం నిండుగా ఉండేది.

జలంధర్‌లో ఒక ఇరుకు కార్ఖానాలో పుట్టాను. గొట్టం నింపే మనిషి చివరి చుక్క పొయ్యకుండా వదిలేసేవాడు. ఆ ఖాళీయే నా బుడగ. విజయనగరంలో అప్పన్న అనే తాపీమేస్త్రి నన్ను కొన్నాడు. పదహారేళ్ళు అతని సంచీలో ఉన్నాను. చూపు మందగించి పని మానేసిన రోజున, తన వీధిలోనే ఉండే లెక్కల మేష్టారు సన్యాసిరావుకు ఇచ్చేశాడు.

"నాకు బుడగ అవుపడ్డం నేదు మేష్టారూ. మీకు పనికొస్తాది, ఉంచండి."

మేష్టారికి ఇంట్లో ఏది చెడినా తనే విప్పాలి. ఆయన బాగుచేసిన కుర్చీలో తెలిసిన చుట్టాలెవరూ కూచోరు.

ఆయన భార్య వరహాలు డాబామెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషనయ్యాక చేతికర్రతో నడుస్తోంది గానీ, స్నానాలగదికి జానెడు ఎత్తు గడప. రోజూ ఆయనే ఆ గడప దాటించి, స్టూలు మీద కూచోబెట్టి, నీళ్ళు పోసేవాడు. ఎంత మెల్లగా పోసినా ఆవిడ గోడవైపే చూసేది. ముప్పయ్యేళ్ళు కాపురం చేసిన మనిషి ముందు ఆ సిగ్గెందుకో ఆయనకు అర్థం కాలేదు. నాకు కాస్త అర్థమైంది. అస్తమానం ఒకరి చేతిలో ఉండే వస్తువుకు ఆ సంగతి తెలుస్తుంది.

అయిదు నెలలు గడిచాక ఆవిడే అంది: "ఏవండీ, ఒక్కసారి తలుపేసుకుని నా స్నానం నేను చెయ్యాలనుంది. ఇంకేం అక్కర్లేదు నాకు."

దసరా సెలవుల్లో మేష్టారు గడప పగలగొట్టాడు. పట్టుకోవడానికి గోడకు కడ్డీ బిగించాడు. నేల తవ్వి గరుకు టైల్సు పరిచాడు.

"మేస్త్రీని పిలవచ్చు కదండీ," అంది వరహాలు.

"నీ పని ఇంకొకడి చేతిలో పెడతానా?"

ప్రతి టైలు మీదా నన్ను నిలువుగా, అడ్డంగా, ఐమూలగా పెట్టి చూశాడు. బుడగ వెంట్రుకవాసి జరిగితే టైలు పీకి మళ్ళీ వేశాడు. నన్ను అంత నమ్మిన మనిషి లేడు. తొమ్మిదోరోజుకి ఎక్కడ పెట్టినా బుడగ మధ్యలోనే.

"ఒక్క మిల్లీమీటరు తేడా లేదే వరహాలూ!" అన్నాడు. నాకూ ఒళ్ళు పొంగింది.

టైల్సు ఆరాక ఆవిడ ఒంటరిగా లోపలికి వెళ్ళింది. నాలుగు మగ్గులు పోసుకుంది. నీళ్ళు ఎటూ పోలేదు. సబ్బునురగతో కలిసి ఆవిడ పాదాల చుట్టూ నిలబడిపోయాయి. లేవడానికి భయపడి, చాలాసేపు అలాగే కూచుని, చివరికి చిన్న గొంతుతో ఆయన్ని పిలిచింది. ఆయన ఎత్తుకొచ్చాడు. ఆవిడ ఏడవలేదు. "పోన్లెండి, నాకు రాసిపెట్టి లేదు," అంది. ఏడ్చినా ఆయన అంతగా కుంగిపోయేవాడు కాదు.

సాయంత్రం అప్పన్నను పిలుచుకొచ్చాడు. అప్పన్న చెప్పులు విడిచి, అరికాలితో నేలంతా తడిమి చూసి, నవ్వాపుకోలేకపోయాడు.

"ఏటి మేష్టారూ, కేరంబోర్డు కట్టీసినారు! వాటం ఏదీ? నీరు తూమేపు జారిపోవాల కదా."

"అంతా సమంగా ఉంటే వరహాలు జారదనుకున్నాను అప్పన్నా."

"మనిసి జారడు గానీ, నీరూ జారదు బాబూ."

స్నానాలగదులు కట్టే రోజుల్లో అప్పన్న నన్ను సంచీలోంచి తీసేవాడే కాదని అప్పుడు గుర్తొచ్చింది. నేను అలిగేదాన్ని. ఇప్పుడు నేను చెప్పింది అబద్ధం కాదు, మేష్టారు చూసింది తప్పు కాదు. అయినా ఇద్దరం కలిసి ఒక మనిషిని ఆ నీళ్ళలో కూచోబెట్టాం.

టైల్సన్నీ మళ్ళీ ఊడదీశారు. ఈసారి నన్ను కిటికీలో పెట్టేశారు. వరహాలు గుమ్మంలో కుర్చీ వేయించుకుని, ఆరిన ప్రతి వరస మీదా మగ్గుతో నీళ్ళు ఒంపి చూసింది.

"అదిగో, అక్కడ ఆగాయి."

"ఎక్కడే?"

"మీ మోకాలి కింద. ముందు మీరు లెండి, అవే పోతాయి."

"అమ్మగారికి తాపీ ఇచ్చీండి మేష్టారూ, మీరు బడికెళ్ళిపోండి," అన్నాడు అప్పన్న.

ఒక ప్లాస్టిక్ మగ్గు నా ఉద్యోగం చేస్తుంటే మొదట ఈర్ష్య కలిగింది. తర్వాత ఆవిడ ముఖం చూశాను. నీళ్ళు తూమువైపు కదిలిన ప్రతిసారీ ఆవిడ కాస్త ముందుకు వంగుతోంది, తనే నడిచి వెళ్తున్నట్టు.

పని ముగిసి, నేల ఆరాక ఒక ఉదయం ఆవిడ లోపలికెళ్ళి తలుపు మూసుకుంది. మేష్టారు ఏం తోచక నన్ను ఒళ్ళో పెట్టుకుని బయటే చతికిలబడ్డాడు. మగ్గు బకెట్టుకు తగిలింది. తూములో నీళ్ళు గలగలమన్నాయి.

"అక్కడే కూచున్నారా?" లోపలి నుంచి గొంతు.

"లేదు, బజారుకెళ్ళాను."

లోపల నవ్వు. "గడియ వేసుకున్నాను. కావాలంటే తోసి చూడండి."

ఆయన లేచి అరచేత్తో తలుపును నెట్టాడు. కదల్లేదు. ఇంకాస్త గట్టిగా నెట్టి, చెయ్యి అక్కడే ఆనించి నిలబడిపోయాడు. తెరుచుకోని తలుపు ముందు అంత సంతోషంగా నిలబడ్డ మనిషిని నేనింతవరకూ చూడలేదు.