గాలికి ఫీజు లేదు

గుడ్డ గాలిని పీల్చుకున్న చప్పుడు.

ముందు సన్నగా, గరగరమని... ఆ వెంటనే — ఫట్‌మని.

కోసిన వరిమడిలో, ఎండిన కొయ్యకాళ్ల మీద, ఇంటి కప్పంత నారింజరంగు రెక్క లేచి నిలబడింది.

మిర్యాలగూడ నుంచి వేములపల్లి పోతున్న ఆటోలో ఉమ ఉంది. చప్పుడు విని తల బయట పెట్టింది. రెక్కను చూసింది. "ఆపన్నా... గీడనే ఆపు," అంది. ఊరు ఇంకా రెండు కిలోమీటర్లు. అయినా దిగింది.

ఏప్రిల్ నెల. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు అయిపోయిన వారం. ఉమకు పదహారేళ్లు. గొర్లు కాసే బీరప్ప కూతురు.

రెక్క కింద తెల్లజుట్టు మనిషి ఒకాయన. నడుముకు పట్టీలు. పట్టీల నుంచి పైకి సన్నటి తాళ్లు, లెక్కలేనన్ని. ఆయన రెండడుగులు ముందుకు వేస్తే రెక్క ముందుకు. రెండడుగులు వెనక్కి వేస్తే రెక్క వెనక్కి.

ఎగరడం లేదు.

నిలబెడుతున్నాడు — అంతే.

ఉమ గట్టు మీద కూర్చుంది. అరగంట గడిచింది. గంట గడిచింది.

"ఏం సూస్తున్నవ్ బిడ్డా?"

"నిలబెట్టుడు ఎట్లనో సూస్తున్న సార్."

"సూస్తే రాదు. పట్టుకో."

పట్టుకుంది. తాళ్లు లాగింది. రెక్క లేచింది... లేచి, ఆగకుండా తల మీదుగా దాటిపోయి, ఆమెను వెంట ఈడ్చుకుపోయింది. బోర్లా పడింది. మోచేతులు గీసుకుపోయాయి. నోట్లో మట్టి.

లేచి, మట్టి ఉమ్మేసి, "ఇంకోసారి పడత సార్," అంది.

ఆయన చాలాసేపు నవ్వాడు.

ఆయన పేరు సత్యానందం. ముప్పై ఏళ్లు వైమానిక దళంలో పనిచేశాడు. కొండల మీద నుంచి ఈ రెక్క, పారాగ్లైడర్, కట్టుకుని దిగడం జవాన్లకు నేర్పాడు. రిటైరై, వేములపల్లిలో తండ్రి పొలం చేసుకుంటున్నాడు. వరి కోసినాక మడి ఖాళీ. ఆ ఖాళీలో ఈ రెక్క.

"దీనికి వయసైపోయింది," అన్నాడు. "ఎగురుటానికి పనికిరాదు. నేర్సుకునేటానికి పనికొస్తది."

విమానం నడపాలని ఉమకు ఎప్పుడు పుట్టిందో ఉమకే తెలియదు. ఎవరికీ చెప్పలేదు. ఒకసారి ఫోన్‌లో వెతికింది — పైలట్ కావాలంటే ఎంత? ఒక అంకె వచ్చింది. సున్నాలు లెక్కపెడుతూ మధ్యలో ఆపేసింది. ఫోన్ బోర్లించింది.

ఆ సంగతి సత్యానందానికి చెప్పింది. మొదటిసారి. గట్టు మీద కూర్చుని, మోచేతికి ఆయన ఇచ్చిన పసుపు రాసుకుంటూ.

"ఆ అంకెను పక్కన పెట్టు," అన్నాడు. "అది ఆఖరి మెట్టు. డిగ్రీకి పోతే ఎన్‌సీసీల ఎయిర్ వింగ్ ఉంటది, సర్కారే ఇమానం ఎక్కిస్తది. పుణె దిక్కు ఇంజిన్ లేని గ్లైడర్లు నేర్పుతరు, తక్కువల అయితది. దారులు ఉన్నయి. కాని ఎందులకు పోయినా ముందుగాల గాలి తెల్వాలె. గాలికి ఫీజు లేదు. రేపు పొద్దుగాల రా."

వచ్చింది.

ఆ మర్నాడూ వచ్చింది.

గాలి... ఇన్నాళ్లూ ఒంటికి తగిలింది. ఇప్పుడు కంటికి కనబడటం మొదలైంది. రైస్ మిల్లు పొగ ఎటు వాలితే గాలి అటు. తడిమడిలో కొంగలన్నీ ఒకే వైపు ముఖం పెట్టి నిలబడితే గాలి అటునుంచే. హార్వెస్టర్ లేపిన దుమ్ము నిదానంగా పోతే మంచి గాలి. గిర్రున తిరిగితే... రెక్క మడిచి ఇంటికి.

పడింది. లేచింది. పడింది.

మే నెల వచ్చేసరికి పడటం తగ్గింది. పడటమూ నేర్చుకుంది — కాళ్లు దగ్గరపెట్టి, మోకాళ్లు వంచి, పక్కకు దొర్లి. కాలువ గట్టు మీంచి దూకడం, దొర్లడం. వంద సార్లు. తల్లి సుమలత ఆమె పంజాబీ డ్రెస్సుల మోకాళ్లకు మాసికలు వేసి వేసి విసిగి, "గా మోకాళ్లకు తోలు కుట్టిస్త," అంది. ఆపమని మాత్రం అనలేదు.

బూట్లు మేనమామవి. సూర్యాపేటలో పోలీసు సెలక్షన్లకు ఉరికినప్పుడు కొన్నవి. ఉద్యోగం రాలేదు. బూట్లు మిగిలాయి. ముందు భాగంలో గుడ్డ ముక్కలు కుక్కితే ఉమకు సరిపోయాయి.

ఒక పొద్దున ఉమ రెక్కను పైన నిలబెట్టి కళ్లు మూసుకుంది. చేతుల్లో పగ్గాలు, రెక్కను తిప్పే తాళ్లు. రెక్క కుడివైపుకు వాలబోతోంది — చూడకుండానే తెలిసింది. కుడివైపుకే అడుగు వేయాలి... వేసింది. రెక్క నిలబడింది.

ఆ సాయంత్రం సత్యానందం ఫోన్ చేశాడు, ఎవరికో.

ఆయన దగ్గర నేర్చుకున్నవాడొకడు హైదరాబాద్ నుంచి విజయవాడ పోతున్నాడు. వాడి దగ్గర చిన్న రెక్క ఉంది. కొత్తది. నలభై మూడు కిలోల ఉమను మోయడానికి సరైనది. కోదాడ బస్టాండ్‌లో ఇస్తాడు. ఆదివారం సాయంత్రం వెనక్కి వస్తూ తీసుకుంటాడు.

ఒక్క ఆదివారం.

కొండ ఎక్కడ? మఠంపల్లి దగ్గర, సున్నపురాళ్ల నేలలో, పడమటికి దిగే గడ్డివాలు. ఎత్తు ఒక తాటిచెట్టంత. కింద మెత్తటి దున్నిన చేను. మొదటి ఎగురుడుకు అంతకంటే వద్దు.

ఆ వాలు మీదే, ఆ ఎండాకాలం, బీరప్ప మంద మేస్తోంది.

తల్లిదండ్రుల సంతకం లేకుండా ఎగిరేందుకు సత్యానందం తాడు కూడా కట్టనివ్వడు. కాగితం రాసి ఇచ్చాడు. ఉమ శనివారం తండ్రి దగ్గరికి పోయింది.

బీరప్ప మొత్తం విన్నాడు. గొంగడి భుజం మార్చుకున్నాడు.

"పడితే?"

"పడుడు గూడ నేర్సుకున్న నాయినా."

"పడుడు నేర్సుకునుడేంది? సంతకం నేను పెట్ట. రేపు వచ్చి నేనే ఆపుత."

ఉమ కాగితం మడిచి ఇంటికి తెచ్చింది. సుమలత పొయ్యి దగ్గర నుంచి లేచి, చెంగుకు చేతులు తుడుచుకుని, గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టింది. ఏడో తరగతి దాకా చదివిన చెయ్యి.

"మీ నాయినకు భయం," అంది. "నాకు గూడ భయమే. భయపడుకుంటనే పెట్టిన."

ఆదివారం.

తెల్లవారే సరికి వాలు మీద జనం. ఎట్లా తెలిసిందో... క్వారీ పనివాళ్లు, పక్క ఊరి ఆడవాళ్లు, బండ్ల మీద వచ్చిన పిల్లలు. ఫోన్లు పైకెత్తి ఉన్నాయి. సుమలత రాయి మీద కూర్చుంది. బీరప్ప దూరంగా, కర్ర మీద గడ్డం ఆనించి, నిలబడ్డాడు. ఆపడానికి వచ్చినవాడు. ఇంతమంది ముందు కూతురి చెయ్యి పట్టి లాగలేక... చూస్తున్నాడు.

ఉమ రెక్కను గడ్డి మీద పరిచింది. నీలిరంగు. కొత్త గుడ్డ వాసన. తాళ్లు ఒక్కొక్కటి చూసింది. పట్టీలు బిగించింది. హెల్మెట్. చెవి దగ్గర సత్యానందం ఇచ్చిన వాకీటాకీ.

గుప్పెడు ఎండుగడ్డి తీసి వదిలింది.

గడ్డి ముందుకు పోయింది. వాలు కిందికి.

అంటే గాలి వెనకనుంచి.

పడమటి నుంచి రావాలి. ముఖానికి తగలాలి. దూరంగా సిమెంట్ ఫ్యాక్టరీ పొగ కొండ వైపు వాలాలి. ఇప్పుడు అవతలికి వాలి ఉంది.

ఆగింది.

గంట. పొగ నిటారుగా నిలబడింది. జనం కదిలారు. ఉమ మళ్లీ గడ్డి వదిలింది. ముఖానికి తగిలింది... ఒక్క క్షణం. మళ్లీ వీపుకు.

ఎండ ముదిరింది. రాళ్లు కాగుతున్నాయి. గడ్డిపరక ఈసారి గిర్రున తిరిగింది.

"ఇంకెప్పుడు?" అని ఎవరో అరిచారు.

సత్యానందం ఆమె వైపు చూశాడు.

సాయంత్రం బస్సుకు రెక్క వెళ్లిపోతుంది. మళ్లీ ఎప్పుడో... ఎవరికి తెలుసు. రెండు నెలల మోకాళ్లు. మాసికలు. అమ్మ సంతకం. ఇంతమంది కళ్లు. అడుగు వేస్తే చాలు — వాలు అక్కడే ఉంది, రెక్క ఇక్కడే ఉంది.

ఉమ హెల్మెట్ తీసింది.

"ఇయ్యాల పోను సార్. గాలి బాలేదు."

ఆ మాట అన్నందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"బెదిరింది పోరి," అన్నాడు బండి మీద వచ్చినవాడొకడు. నవ్వులు. ఫోన్లు కిందికి దిగాయి. ఉమ మోకాళ్ల మీద కూర్చుని రెక్క మడవడం మొదలుపెట్టింది. ఒక అంచు నుంచి, మడత మీద మడత, లోపలి గాలి బయటకు నొక్కుతూ. చెవులు ఎర్రబడ్డాయి. చేతులు మాత్రం తొందరపడలేదు.

జనం దిగిపోయారు.

సత్యానందం పక్కన కూర్చున్నాడు. "నువ్వు పోత అంటే నేనే పట్టుకుని ఆపేటోన్ని," అన్నాడు మెల్లగా. "కాని నీ నోట్లకెల్లి వస్తదా అని సూసిన. వచ్చింది."

అప్పుడు బీరప్ప కదిలాడు.

వాలు ఎక్కి వచ్చాడు. నలభై ఏళ్లుగా వానను, ఎండను, వాగు పొంగును చూసి మందను ముందుకు తోలాలా వెనక్కి తిప్పాలా అని తేల్చుకుంటున్న మనిషి. వెనక్కి తిప్పడం ఎంత కష్టమో ఎరిగిన మనిషి. కూతురి వైపు చూశాడు... ఇన్నాళ్లూ చూడనట్టు.

"సారూ, ఆ కాయితం ఏది?"

"మీ ఇంటామె సంతకం చాలు బీరప్పా."

"నాది గూడ ఉండాలె."

తొడ మీద పెట్టుకుని, సుమలత పేరు పక్కన, తన పేరు రాశాడు. చివరి అక్షరం దగ్గర కాగితం చిరిగింది. సరిచేశాడు.

"ఆ గుడ్డ సాయంత్రం పోవాలెనా? రేపు పోతే కాదా? జర అడుగుర్రి."

సత్యానందం ఫోన్ చేశాడు. ఒక్క రాత్రి దొరికింది.

సోమవారం పొద్దున జనం లేరు.

తల్లి, తండ్రి, సత్యానందం. మేస్తున్న మంద. అప్పుడే లేచిన ఎండ.

గడ్డి వదిలింది.

ముఖానికి వచ్చి తగిలింది. మళ్లీ వదిలింది. మళ్లీ తగిలింది. పొగ కొండ వైపు వాలి, అలాగే ఉంది. నిదానమైన గాలి. ఒకే తీరు గాలి.

"పోత సార్."

సత్యానందం వాలు కిందికి దిగి నిలబడ్డాడు. వాకీటాకీలో ఆయన గొంతు — "నీ ఇష్టం వచ్చినప్పుడు."

తాళ్లు లాగింది. నీలిరెక్క లేచింది. తల మీదికి వచ్చింది. ఆగమంది... ఆగింది. ఉమ వాలు వైపు తిరిగింది. ఉరికింది.

మేనమామ బూట్లు. ఒక అడుగు. రెండు. నాలుగు. పట్టీలు బిగిశాయి. బరువు తగ్గింది. అడుగు వేసింది — కింద నేల లేదు. ఇంకో అడుగు వేసింది... లేదు.

"ఉరుకుడు ఆపు బిడ్డా," అంది చెవిలో గొంతు, నవ్వుతూ. "ఎగురుతున్నవ్."

పైన బీరప్ప లెక్కపెడుతున్నాడు. సాయంత్రం దొడ్డి దగ్గర గొర్లను లెక్కపెట్టినట్టు, పెద్దగా, వేలు చూపిస్తూ. "ఒకటి... రెండు... మూడు..." సుమలత చెంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

రెక్క ఎడమకు కొంచెం వాలింది. ఎడమ పగ్గం వదిలి, కుడిది రవ్వంత లాగింది. సరైంది. ఎవరూ చెప్పలేదు.

"...ఏడు... ఎనిమిది..."

దున్నిన చేను దగ్గరికొచ్చింది. రెండు పగ్గాలూ కిందికి. ఇంకా. ఇంకా...

"...పదకొండు!"

రెండు కాళ్ల మీద దిగింది. మూడడుగులు పరుగెత్తింది. పడలేదు. రెక్క ఆమె వెనకాల మెల్లగా వాలి, మట్టి మీద పరుచుకుంది.

అందరికంటే ముందు బీరప్పే వచ్చాడు. చెప్పులు వాలు మీదే వదిలేసి, రొప్పుతూ. ఒళ్లంతా తడిమాడు — భుజాలు, మోచేతులు, మోకాళ్లు. ఎక్కడా ఏమీ విరగలేదని తేలాక, కొంచెం దూరం జరిగి, గొంతు సవరించుకున్నాడు.

"మీదికెల్లి ఏం గనబడ్డది బిడ్డా?"

ఉమ ఆలోచించింది. పదకొండు సెకన్లు మొత్తం మళ్లీ ఒకసారి వెతుక్కుంది.

"ఏం సూడలే నాయినా... గాడ మస్తు పనున్నది."

బీరప్ప తల ఊపాడు. అది ఆయనకు అర్థమైంది.

ఉమ తాళ్లు పోగు చేసింది. రెక్కను దగ్గరికి లాక్కుంది. పొగ వైపు చూసింది, వాలు వైపు చూసింది. ఇంకో అరగంట ఉంటుంది ఈ గాలి. ఉండకపోవచ్చు కూడా. తేల్చుకోవలసింది పైకి పోయాకే.

ఆమె అడగలేదు. బీరప్పే వంగి, రెక్క మూటను ఎత్తి, భుజాన వేసుకున్నాడు. ఉత్త కాళ్లతో వాలు ఎక్కడం మొదలుపెట్టాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"నిలబడ్డవేంది? గాలి మారకముందే నడువు."