ఎడమకు తిప్పే బొత్తాం

మబ్బులోకి వెళ్లినప్పటి నుంచి తెర మీది బొత్తాలు నా వేలిని చూసి పక్కకు జరుగుతున్నాయి. తొందరేమీ లేదు వాటికి. చెరువులో చేపల్లా జరుగుతున్నాయి.

నేను ఈ విమానానికి కో-పైలట్‌ని. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్తున్నాం. ఎదురుగా తుపాను నల్లగా నిలబడి ఉంది. ఎడమకు తిరగాలి. ఈ కొత్త విమానంలో పట్టుకుని తిప్పడానికి నాబ్ లేదు, అంతా వేలితో తాకే అద్దమే.

విమానం ఎగిరిపడుతుంది. నా వేలు పక్క బొత్తాం మీద పడుతుంది. కాక్‌పిట్ బారెడు పొడవు పెరుగుతుంది.

"హైమా, చూసి నొక్కమ్మా," అంటారు కెప్టెన్ నరహరిశెట్టి గారు, దూరమైపోయిన కుర్చీలోంచి.

"చూసే నొక్కుతున్నాను సార్. నొక్కేలోపు అది అక్కడ ఉండడం లేదు."

"నా తెరలో అసలు ఎడమే లేదు."

మళ్లీ కుదుపు. మళ్లీ తప్పు. ఇప్పుడాయన బియ్యపుగింజంత కనిపిస్తున్నారు. గొంతు మాత్రం నా పక్కనే ఉంది. నా వేళ్లకు చెమట పడుతోంది. తడి వేలిని అద్దం గుర్తుపట్టదు. చొక్కాకు తుడుచుకుంటాను, మళ్లీ తడుస్తుంది.

తలుపు తీసుకుని ఎయిర్‌హోస్టెస్ రోజలిన్ పైకప్పు మీద నడుస్తూ వస్తుంది. నేల ఊగుతోంది కనుక.

"వెనక అందరూ ఊపిరి బిగబట్టేసారండి. ఆ బరువుకి విమానం దిగిపోతంది. బేగి తిప్పండి."

కదిలే బస్సులో కాటుక పెట్టుకునేటప్పుడు నేను చిటికెనవేలు బుగ్గకు ఆనిస్తాను. ఇక్కడ ఆనించడానికి ఏమీ లేదు. తెర అంచులు కరిగిపోయాయి.

"రోజలిన్, నీ చెంప ఈ అద్దానికి ఆనించవా?"

ఆమె కిందికి వంగి చెంప ఆనిస్తుంది. దాని మీద చిటికెనవేలు మోపుతాను. ఆమె దవడ వణుకుతోంది, నా చెయ్యీ దాంతోపాటే వణుకుతోంది, అద్దమూ అంతే. మూడూ ఒకేలా వణికితే ఏదీ వణకనట్టే. అలసిపోయిన బొత్తాం నా వేలి కిందికి వచ్చి ఆగుతుంది.

నొక్కుతాను.

విమానం ఎడమకు ఒరుగుతుంది. వెనక నుంచి అందరూ ఒక్కసారి వదిలిన ఊపిరి వచ్చి మెడకు తగులుతుంది. కెప్టెన్ గారు నడుచుకుంటూ వచ్చి, రొప్పుతూ పక్కన కూర్చుంటారు. రోజలిన్ చెంప తియ్యదు.

"ఇంకాసేపు ఉంటానండి. ఈ బొత్తాం ఇంకా బెదిరే ఉంది."

మబ్బు దాటాక కింద సముద్రం లేదు. అది మా ఎడమవైపు నిలువునా, ఆరేసిన చీరలా వేలాడుతోంది. దాని వెనక ఎవరో దీపం పట్టుకుని, కొంగు ఎటువైపుందో వెతుకుతూ, మా వేగంతో నడుస్తున్నారు.